మేట మూడంగుళాలు దాటిందా?

పెన్నా నదికి చదువు లేదు. ఉండుంటే 2021 నవంబరులో నెల్లూరు ఒడ్డు పొలాల్లో ఇసుక పోసేటప్పుడు స్కేలు పెట్టి పోసేది. కేంద్ర విపత్తు సహాయ నిబంధనల లెక్కన మేట మందం మూడంగుళాలు దాటాలి, దాటిందని అధికారి ధ్రువీకరించాలి. అప్పుడే తొలగించుకోవడానికి చిన్న, సన్నకారు రైతుకు డబ్బులు. రెండున్నర అంగుళాలైతే అది పెన్నమ్మ ప్రేమతో వేసిన ఎరువు కాబోలు!

ఆ నెల 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారికి గండిపడింది. ఎంత శాతం పోయిందని వాటిని ఎవరూ అడగలేదు. రోజుల్లోనే బాగుచేశారు.

పొలాన్ని మాత్రం అడుగుతారు. పంట 33 శాతమైనా పోవాలి. 2015కు ముందు 50 శాతం పోవాల్సివచ్చేది కనుక రైతు 17 శాతం బాగుపడ్డట్టే. 2022లో సవరించిన రేటు ప్రకారం నీటి వసతి ఉన్న హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల దాకానే. నెల్లూరోళ్ల ఎకరాల లెక్కలో చెబితే ఎకరాకు ఏడు వేలు కూడా కాదు.

ఇక్కడ పెద్ద పంటకు నారు పోసేది అక్టోబరు, నవంబరుల్లో. తుపాన్లకూ ఇంచుమించు అదే ముహూర్తం: 2020లో నివర్, 2022లో మాండూస్, 2023లో మిచాంగ్. నారుమడి మునిగితే 80 శాతం రాయితీ మీద విత్తనాలిచ్చి మళ్లీ పోసుకోమంటారు. దుక్కికి, కూలికి పెట్టింది వానతో పాటే పోయింది.

అన్నీ కుదిరినా డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు, భూమి యజమాని సంతకం పెడితే. పెడితే పొలం పోతుందని యజమాని భయం. ఆ భయానికి బీమా ఇంకా కనిపెట్టలేదు.

పైస్థాయిలో మాత్రం నిధులకు కొదవలేదు. 2023 నవంబరు 30న దుబాయ్ వాతావరణ సదస్సు తొలిరోజే నష్టనిధికి దేశాలన్నీ లేచి చప్పట్లు కొట్టాయి. ఐదు రోజులకు మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మన దేశం ఇంకా ముందుంది. 2015లోనే వాతావరణ మార్పును తట్టుకోవడానికని నాబార్డు చేతికి ఒక జాతీయ నిధిని అప్పగించి, ఆ తర్వాత 30 ప్రాజెక్టులకు 847 కోట్లు కేటాయించింది. అందులో ఆంధ్రకు దక్కింది కోస్తా, ఎండు ప్రాంతాల పాడి పశువుల ప్రాజెక్టు. బర్రెకు యజమాని సంతకం అడగరు కదా, పని తేలిక! 2022 నవంబరులో ఆ నిధికున్న పథకం హోదా కూడా తీసేశారు.

2022లో సవరించిన ఆ సహాయ నిబంధనలు 2025-26 వరకు రాసుకున్నవి. కొత్తవి రాసే పెద్దలు నారుమడికి పెట్టిన పెట్టుబడిని లెక్కలో వేయాలి. పొలం దున్నిందెవరో ఊరంతటికీ తెలుసు, గ్రామసభలో అడిగి ఆ పేరే రాసుకోవాలి.