దేవుడి దయతో ఓదార్చడం ఎలా? (ఒళ్లు అలవకుండా)

శావల్యాపురంలో ఎవరింట్లో చావు జరిగినా పలకరింపుకు వెళ్లక తప్పదు. పని తగలకుండా, పైసా వదలకుండా, పైపెచ్చు భక్తుడనిపించుకుని బయటపడే దారి ఇదీ.

1. మొదటిరోజు వెళ్లకండి. పాడె పట్టమంటారు, కుర్చీలు దించమంటారు. పెదకర్మ నాడు వెళ్తే భోజనం ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమయ్యావని అడిగితే, కోటప్పకొండలో మీవాళ్ల కోసమే మొక్కుకుంటున్నానని చెప్పండి. గొల్లభామ వెంట దిగబోయి మధ్యలోనే ఆగిపోయిన త్రికోటేశ్వరుడు మీ సాక్ష్యానికి దిగి రాడు.

2. గడపలోనే "అంతా ఆయన దయ" అనేయండి. పోయిందెవరో తర్వాత కనుక్కోవచ్చు.

3. ఏడవనివ్వకండి. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు. సీత కబురు రాముడు విన్నది మన వినుకొండ మీదేనంటారు, సీత కోసం ఆయనా ఏడ్చాడు. దేవుళ్లు కాబట్టి చెల్లింది. "నువ్విట్టా ఏడిస్తే ఆయన ఆత్మకు శాంతుండదు వదినా" అనండి. నోట్లో కొంగు కుక్కుకుని ఊరుకుంటుంది. ఓదార్పు అయిపోయింది.

4. మౌనంగా కూర్చోకండి. బైబిల్లో యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. ఎంత దండగ! ఆ తర్వాత తప్పంతా యోబుదేనని వాదించారు చూడండి, అక్కణ్నుంచి అందుకోండి. చివర్లో దేవుడు వాళ్ల మీదే మండిపడ్డాడు గానీ, అంతదాకా చదివేవాళ్లెవరు?

5. "మంచివాళ్లనే దేవుడు తొందరగా తీసుకెళ్తాడు" అన్నది ఎక్కడైనా పనికొస్తుంది. 80 దాటిన మామగారు పక్కన ఉంటే మాత్రం వద్దు.

6. ఇది జాగ్రత్తగా చదవండి. పోయినాయన భార్య లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరు తెస్తుంది. అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం. "సచివాలయం దాకా తోడొస్తావా అన్నయ్యా?" అంటుంది. వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టండి. ప్రార్థనలో ఉన్నవాణ్ని ఎవరూ కదిలించరు. చనిపోయిన 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలని చట్టం. ఆ 21 రోజులూ "దేవుడే చూసుకుంటాడు" అంటూ నెట్టుకురండి. ఆలస్య రుసుము ఎటూ ఆమే కట్టుకుంటుంది. మీరు పోయినాయనకు కౌలు డబ్బు బాకీ ఉంటే ప్రార్థన ఇంకాస్త పొడిగించండి.

7. క్రైస్తవుల ఇంట్లో ఆదరణ కూడికైతే మైకు మీరే పట్టుకోండి, పోయినవాడి పేరు ఒక్కసారి తలిస్తే చాలు. హిందువుల ఇల్లయితే ఘంటసాల భగవద్గీత సౌండు పెంచండి. కృష్ణుడు మొదటి అధ్యాయమంతా అర్జునుడి గోడు విన్నాకే బోధ మొదలెట్టాడన్న సంగతి బయటికి పొక్కనీయకండి.

8. "గుంటూరు రైలు టైమైంది" అంటూ లేవండి. మీ ఇల్లు పక్క వీధే అయినా ఫర్వాలేదు.

రేపు మీ ఇంట్లోనే చావు జరిగితే ఈ చిట్కాలు చదివినవాళ్లందరూ తప్పకుండా వస్తారు. భోజనాలు కాస్త ఎక్కువే చెప్పించండి.