డబుల్స్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనానికి అమ్మను వెనక కూర్చోబెట్టుకుని హైదరాబాదు నుంచి నూరు సీసీ బండి మీద బయల్దేరాను. నర్సాపూర్ అడవి దాటాక ఒక చాయ్ బండి దగ్గర ఆగితే, అమ్మ రెండు చేతులతో నడుం పట్టుకుని దిగింది. "నువ్వు ఇంత మంచిగ నడుపుతవని ఎర్కుంటే బస్సుకే పోదును కొడుకా" అంది. ఆ మాటకు పుట్టిన ఆటవెలది ఇది. కవిని నేనే కాబట్టి, కవిహృదయం అందలేదనే సాకు ఈ వ్యాఖ్యాతకు లేదు.

మూలం

ఒంటిగాను బండి నూరేగు వాడికి
గుంత లేదు, గతుకు గుర్తు లేదు;
వెనుక మనిషి యెక్క వేయి గుంతలు దేలు,
బ్రేకు వేయ వీపు పీట యగును.

ప్రతిపదార్థం

ఒంటిగాను = తానొక్కడే; బండిన్ = మోటారు సైకిలుపై; ఊరేగు వాడికి = ఊరంతా తన కోసమే ఉన్నట్టు పోవువాడికి; గుంత లేదు = గొయ్యి అనేది లేదు (ఉంది, అయినా లేదు); గతుకు గుర్తు లేదు = ఎగిరిపడిన జ్ఞాపకమైనా లేదు; వెనుక = వెనక సీటున; మనిషి యెక్క = మరొక మనిషి ఎక్కగా; వేయి గుంతలు = లెక్కలేనన్ని గుంతలు; తేలు = పైకి తేలును; బ్రేకు వేయ = బ్రేకు వేయగా; వీపు = నడిపేవాడి వీపు; పీట యగును = వెనకవారికి ఆసనమగును.

పాఠవిచారం

"బండి నూరేగు" అన్నచోట కొందరు కుర్రకారు "నూరు + ఏగు" అని విడదీసి, గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోవువాడు అని అర్థం చెబుతారు. అది పొసగదు. "బండిన్ + ఊరేగు" అంటేనే మొదటి "ఒ"కు "ఊ"తో యతి కుదురుతుంది. "నూరు" అంటే యతి చెడుతుంది. నూరు మీద పోతే ఇంకా చాలా చెడవచ్చు. అది ఛందశ్శాస్త్రం పరిధిలోకి రాదు.

"వాడికి" వ్యావహారికం, "వానికి" అనవలసింది, గణభంగం కూడా లేదు కదా అని పండితులు అడగవచ్చు. నిజమే. కానీ నాలుగో పాదంలో "బ్రేకు" కళ్లెదురుగా పోతుంటే దాన్ని వదిలేసి "వాడికి"ని పక్కకు ఆపడం న్యాయం కాదు.

విశేషాంశాలు

"గుంత లేదు": ఉన్న గుంత లేకుండా ఎలా పోయింది? ఒంటరిగా నడిపేవాడు గుంతను ముందే చూస్తాడు. తనకు తెలియకుండానే పాదాల మీద బరువు మోపి సీటు మీంచి అంగుళమంత లేస్తాడు. మోకాళ్లు వంగి దెబ్బను మింగేస్తాయి. పైగా అతను కూర్చునేది రెండు చక్రాల నడిమి జాగాలో. మరి వెనకవాళ్లు? వాళ్ల సీటు దాదాపు వెనక చక్రం ఇరుసు మీదే ఉంటుంది. ఎదురుగా కనిపించేది రోడ్డు కాదు, నడిపేవాడి చొక్కా. దెబ్బ వస్తోందని తెలియదు, తెలిసినా లేవడానికి వీలు లేదు. అమ్మలా ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒడిలో బుట్ట పెట్టుకుంటే అసలే లేదు. ఏడేళ్లుగా ఆఫీసు పనికి నెలకొకసారి ఆ దారినే పోతున్నాను. అది మంచి రోడ్డని ఊరందరికీ చెప్పినవాణ్ణి. కాబట్టి "వేయి" అన్నది అతిశయోక్తి కాదు. చూసేవారు మారారు, అంతే.

ఇక బరువు సంగతి. ఇలాంటి బండి 110 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. వెనక ఎక్కిన మనిషి 60 కిలోలనుకుంటే (ఈ లెక్క అమ్మ ఒప్పుకోదు) బండి బరువులో సగానికి మించి ఒకేసారి, అదీ ముప్పాతిక పైగా వెనక చక్రం మీదే పడుతుంది. వెనక కుంగుతుంది, ముందు తేలికవుతుంది, హ్యాండిల్ నీళ్లలో తెడ్డులా ఆడుతుంది. రాత్రయితే హెడ్‌లైటు రోడ్డును వదిలి ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. వాడు తిడతాడు. ఏం చేశామో తెలియక మనం ఆ తిట్లు తింటాం.

దీనికి విరుగుడు బండి మీదే రాసి ఉంటుంది. వెనక టైరు గాలికి ఒంటరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె వేసి స్టిక్కరు అంటిస్తారు. నా బండికి 28, 32. అలాగే వెనక షాక్ అబ్జార్బర్ల అడుగున స్ప్రింగును బిగించే మెట్లుంటాయి. వాటిని తిప్పడానికి కొక్కెంలా వంగిన స్పానరు ఒకటి టూల్‌కిట్‌లో ఇస్తారు. దాన్ని బయటికి తీసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నేనూ తీయలేదు. నర్సాపూర్ బంకులో మాత్రం వెనక టైరుకు 32 పెట్టించాను. గుంతలు వేయి నుంచి ఏడెనిమిది వందలకు దిగాయని అమ్మ ఒప్పుకుంది.

"వీపు పీట యగును": ఇది రూపకమా, పరిణామమా? ఊరికే వీపును పీట అంటే రూపకం. ఆ పీట నిజంగా కూర్చునే పనికి వస్తే పరిణామాలంకారం. కుక్క అడ్డం వచ్చి నేను బ్రేకు తొక్కినప్పుడు అమ్మ, బుట్ట, బుట్టలోని కొబ్బరికాయ వరసగా వచ్చి నా వీపు మీద కూర్చున్నాయి కాబట్టి పరిణామమే. బండి ఆగినా దాని మీది వస్తువు ముందుకే పోతుందనే ఈ సంగతిని న్యూటను వచనంలో చెప్పాడు. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వది వెనకవారికి పట్టుకోవడానికి పిడి, కాలు మోపడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి సగం మేరకైనా తడిక ఉండాలంది. మన బండ్లకు కనిపించే శారీ గార్డు అదే. దాన్ని అందం చెడిందని ఊడదీయించిన మిత్రులు నాకు ఇద్దరున్నారు. ఇద్దరికీ పెళ్లయ్యాక మళ్లీ వేయించారు.

"మనిషి": ఏకవచనం గమనించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను కూడా నడిపేవాడు కాక ఒక్కరే అంటుంది. 2019 నాటి సవరణ త్రిబుల్స్‌కు వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సుపై వేటు పెట్టింది. నందివాహనం మీద పార్వతీపరమేశ్వరులు కూర్చోవడం డబుల్సే, చట్టబద్ధం. చంకన పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టుకున్న పటాల గురించి ఈ వ్యాఖ్యాత ఏమీ అనడు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలన్నది 129వ సెక్షను. అమ్మ హెల్మెట్‌లో ఆమె తల బదులు పసుపు కుంకుమల పొట్లం ఉంది. అది తప్పు. చాయ్ తాగాక పెట్టించాను.

ప్రాసంగికం

ఆ దారిలోనే కొల్చారం వస్తుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఊరిదే. ఆధారం లేని మాట రాయననీ, అక్కరలేని మాట చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఊరి పేరు బోర్డు చూసినప్పుడు తట్టింది: బండి నడిపేవాడు కావ్యం రాసేవాడైతే, వెనక కూర్చున్నవారే వ్యాఖ్యాత. నడిపేవాడి కన్నా పాఠం వాళ్లకే ఎక్కువ తెలుసు. "గుంత ఉన్నది", "లారీ వస్తున్నది", "మెల్లగ పో బిడ్డా". ఇంతకన్నా క్లుప్తమైన టీక ఎవరు రాస్తారు? ఆధారం లేని మాట ఒక్కటీ లేదు. నియమంలో రెండో సగాన్ని మాత్రం అమ్మ పాటించలేదు. పెద్దమ్మ కోడలి సంగతి అక్కరలేకున్నా కొల్చారం దాటేదాకా చెప్పింది. అందులో సగం గాలికి పోయింది. తాళపత్రాల్లో చెదలు తిన్నచోట్లలాగా ఆ కథలో గాలి తిన్నచోట్లున్నాయి. "ఊ" కొట్టి పూరించాను. కోడలు చివరికి ఏమైందో ఇప్పటికీ సందిగ్ధమే.

తాత్పర్యం

ఒంటరిగా పోయేవాడికి రోడ్డు కనిపించదు. వెనక ఎవరైనా ఎక్కితే ఒక్కొక్క గుంత పేరుపేరునా పలకరిస్తుంది. బ్రేకును ముందే, మెల్లగా వేయాలి.

వ్యాఖ్యాత మనవి

తిరుగు ప్రయాణంలో అమ్మ మెదక్‌లో బస్సెక్కింది. నేను అదే దారిన ఒంటరిగా వచ్చాను. వెనక ఎవరూ లేరు, అయినా ప్రతి గుంతా కనిపించింది, ప్రతి దానికీ బండి నెమ్మదించాను. అంటే పద్యంలో రెండో పాదం తప్పు. దిద్దుదామంటే ఇంతవరకు యతి కుదరలేదు. కుదిరిన పాఠకులు రాసి పంపగలరు.