చుట్టింట్లో రాతి దేవుణ్ణి

జీలకర్రగూడెం పక్క కొండమీద, గుంటుపల్లి గుహల్లో ఉంటాను. ఊళ్లోవాళ్లకు ధర్మలింగేశ్వరుణ్ణి. పుట్టుక చెప్పాలంటే బౌద్ధ స్తూపాన్ని. క్రీస్తుకు ముందే భిక్షువుల కోసం ఈ కొండను లోపలికి తొలిచారు. నడుమ కొంత రాయి వదిలేసి గుండ్రంగా చెక్కారు, అదే నేను. నన్నెవరూ మోసుకొచ్చి ప్రతిష్ఠించలేదు, నా చుట్టూ ఉన్న కొండను తీసేశారంతే.

భిక్షువులు వెళ్లిపోయాక జనం శివుడనుకుని మొక్కారు. నాకు కోపమేమీ లేదు. దిక్కులేని రాయికంటే దణ్ణాలు అందుకునే రాయికే ఆయుష్షెక్కువ. కాకపోతే దీపం పొగా, నూనె జిడ్డూ రాతికి పడవు. పురావస్తు శాఖవారికీ భక్తులకీ మధ్య ఇరుక్కున్న దేవుణ్ణి నేనొక్కణ్ణే కాదులెండి.

ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ వచ్చే కుర్రాళ్లు నా ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. తలెత్తి చూసేవాళ్లు తక్కువ. అసలు సంగతంతా పైకప్పులోనే ఉంది. గుమ్మటంలా వంగిన ఆ కప్పు నిండా వాసాలు చెక్కారు. కొండను తొలిచిన గదికి వాసాలెందుకు? అవి ఏ బరువూ మోయవు. గుమ్మం మీది కమాను కూడా కొయ్యపనిలాగే ఉంటుంది. బీహారులో బరాబర్ కొండల్లోని లోమశ ఋషి గుహ ద్వారానిదీ ఇదే పోకడ. ఆ కాలపు కొయ్య కట్టడాలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. వడ్రంగి చేసిన పని శిల్పి చేతిలో ఇలా రాయై మిగిలింది.

నా గది నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కోస్తా పల్లెల్లో నిన్నమొన్నటిదాకా ఉన్న చుట్టిల్లు చూస్తే చాలు. గుండ్రటి గోడ, నడినెత్తిన కలిసే వాసాలు, పైన తాటాకు. గాలివాన వస్తే పట్టుకుని పీకడానికి మూల దొరకదు.

జపాన్‌లో ఇలా ఇల్లు కట్టే, నేసే పనిని కూడా వారసత్వమనే లెక్కేస్తారు. 1949లో హోర్యూజీ ఆలయంలో మంటలు లేచి పాత కుడ్యచిత్రాలు కాలిపోయాయి. మరుసటి ఏడే వాళ్లు పరిరక్షణ చట్టం తెచ్చుకున్నారు. అందులో వస్తువులతోపాటు కళలకీ విద్యలకీ చోటిచ్చారు. 1975లో సవరించి, మరమ్మతుకు కావలసిన పనితనాలను కూడా చేర్చారు. గడ్డితో ఇల్లు నేయడం వాటిలో ఒకటి. 2020లో వాళ్ల కొయ్య కట్టడాల పనితనం యునెస్కో జాబితాకెక్కింది. వాళ్లు కప్పునూ కాపాడతారు, కప్పు నేసే చేతినీ కాపాడతారు.

మన దగ్గర రాయికి కంచె ఉంది, బోర్డు ఉంది. ఈ కొండమీదే ఒక మండపం కట్టించి ఇచ్చిన చులగోముడు సిరిసద రాజు కొలువులో లేఖకుడు. అతని పేరు శాసనంలో ఇంకా చదువుకోవచ్చు. తాటాకు నేసినవాడికి శాసనమెవరు వేస్తారు?

కొల్లేటి లంకల్లోనో మెట్టలోనో చుట్టిల్లు నేసిన పెద్దాయన ఎవరైనా మిగిలుంటే, ఒకసారి నా గదిలోకి తీసుకురండి. పైకి చూపించి, ఏ వాసం ముందు ఎత్తాలో, కట్టు ఎక్కడ పడాలో అడగండి. ఆయన చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. ఫొటోలు తర్వాత దిగొచ్చు.