చెక్కిన చేతులు

గోల్కొండను పట్టుకోవడానికి ఔరంగజేబుకు 1687లో ఎనిమిది నెలల ముట్టడి పట్టింది. అదీ లోపలివాడొకడు తలుపు తీస్తేనే. ఆదివారం వచ్చే మిత్రబృందాలకు అంత శ్రమెందుకు? టికెట్టు, బండి తాళంచెవి చాలు. శిథిలమైన మహళ్లలో మిగిలిన కాస్త సున్నపు పూత మీద బాణం దిగిన గుండె, దానికి చెరోవైపు ఒక పేరు. కింద తేదీ కూడా వేస్తారు, రేపటి చరిత్రకారులు ఇబ్బంది పడకూడదని!

ఎలాగూ కూలిపోయిందే కదా, ఓ గీతకేమవుతుంది అంటారు. అవుతుంది. కప్పు పోయిన గోడకు ఆ పూతే గొడుగు. గీత పడ్డచోట వాననీరు దిగుతుంది, పూత పెచ్చులూడుతుంది, లోపలి రాయి బయటపడుతుంది. కాపలా లేదన్నది ఇంకో వాదన. కాపలా లేదని పక్కింటి గోడ మీద ఎవరైనా పేరు చెక్కుతున్నారా? అన్నిట్లోకీ గడుసు వాదన మాత్రం, ‘రామదాసు చెక్కలేదా?’ అన్నది. భక్త రామదాసును బంధించిన ఈ కోట చెరసాల గోడ మీది బొమ్మలు ఆయనవేనని జనం నమ్మకం, సరే, ఒప్పుకుందాం. ఆయన చెక్కింది దేవుణ్ని, తన పేరును కాదు. పైగా ముందు జైలుకెళ్లి, తర్వాత చెక్కాడు. మనవాళ్లకు వరస తిరగబడే వీలుంది: పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ.