పునర్వ్యవస్థీకరణ: టీకా తాత్పర్యం

మూలం: 'రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ'

అవతారిక: గ్రీసు యూరో కూటమిని విడిచిపోతుందేమోనని 2012లో 'గ్రెగ్జిట్' పుట్టింది. గ్రీసు పోలేదు. అదే అచ్చులో పోసిన 'బ్రెగ్జిట్' 2020లో నిజమైంది. వాళ్లవి పిడికెడు మాటలు. మనది నోరు పట్టని గీర్వాణం. మూలం లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథ సూరి మన మెదక్ కొల్చారం వాడే గనక, ఆ బాటనే పోదాం.

ప్రతిపదార్థం: రాష్ట్ర = సులభం. పునః = మళ్లీ; విసర్గ రేఫమైంది. వ్యవస్థీకరణ = ఇక్కడ కొంచెం కూర్చోవాలె. ఇందులోని ఈకారం చ్వి ప్రత్యయం తెచ్చింది. 'అభూత తద్భావం'లో వస్తుందది. అంటే ముందు కానిది, అది కావడం. నల్లనిదాన్ని తెల్లగా చేస్తే శుక్లీకరణం; ముందే తెల్లనిదైతే చ్వికి చోటు లేదు. కాబట్టి వ్యవస్థ లేనిచోటే వ్యవస్థీకరణ. మరి 'పునః' ఎందుకు? మొదటిసారి చేసింది నిలవలేదని పదమే ఒప్పుకుంటున్నది. 1956లో మన తెలంగాణను ఆంధ్రతో కలిపింది రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం. 2014లో విడదీసింది ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. లగ్గానికీ విడాకులకూ ఒకటే మంత్రం!

విశేషం: 'ఉమ్మడి'. కలిసి ఉన్నన్నాళ్లే కుటుంబం ఉమ్మడి. జిల్లా సంగతి తిరకాసు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు పంచేదాకా మాది వట్టి కరీంనగర్. ముక్కలయ్యాకే 'ఉమ్మడి కరీంనగర్' అయింది. ఆదిలాబాద్ కూడా నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లను వేరు పెట్టాకే ఉమ్మడైంది.

మొన్న ఒక ఆఫీసు కిటికీ కాడ నా ఆధార్‌లో కరీంనగర్, పాసుబుక్కులో జగిత్యాల. "మీది ఏ జిల్లా?" అన్నడు గుమస్తా. "ఇల్లు కదలలేదు సారూ, జిల్లే కదిలింది" అన్న. రెండు కాగితాల్లోని మనిషి ఒక్కడేనని అఫిడవిట్ తెమ్మన్నడు. నోటరీకి పైసలిచ్చి, నేను నేనే అయిన. అభూత తద్భావానికి ఇంతకన్న ఉదాహరణ పాణినికీ దొరకదు.

తాత్పర్యం: మా ఊళ్ల అన్నదమ్ములు పొయ్యిలు వేరు పెట్టుకుంటే 'ఏరువడ్డరు' అంటరు. చిన్నపిల్లకూ అర్థమైతది. 2009 నవంబర్ 29న అల్గునూరు కాడ ఉద్యమ నాయకుడు కేసీఆర్‌ను అరెస్టు చేసిననాడు జనం 'జై తెలంగాణ' అన్నరు గని 'జై పునర్వ్యవస్థీకరణ' అనలేదు. మళ్లెప్పుడన్న జిల్లాలు పంచితే, అయ్యా, పేరు ఎంత పొడుగన్న పెట్టుకోండి. కింద ఒక్క వరుస మాత్రం రాయండి: పాత కాగితాలు చెల్లుతాయని.