డబ్బాలోని ధర్మసందేహము

గోరంట్లలో మా యింటి ఫ్రిజ్జునందు రెండవ అరలో, ఎడమవైపున చింతతొక్కు గిన్నెకును కుడివైపున పెరుగుచట్టికిని నడుమ, గట్టిమూత గల ప్లాస్టికు డబ్బా యొకటి నిన్నరాత్రివరకు 22 దినములు కొలువుతీరి యుండెను. తలుపు తెరచిన ప్రతివారును దానిని చూచెడివారు. చూచి, పెద్దల సమాధియెదుట నిలిచినట్లు ఒక్కక్షణము నిలిచి, పెరుగుచట్టిని తీసికొని తలుపు మూసెడివారు. తినువారు లేకపోయిరి, పారవేయువారును లేకపోయిరి. మూతపై అంటించిన కాగితపుముక్కమీద తేదీయు, క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ అను నామధేయమును ముత్యాలకోవవంటి అక్షరములలో వ్రాయబడి యున్నవి. మా వంశమున ఏ పూర్వునకును ఇంత స్పష్టమైన జన్మపత్రిక లేదు.

ఈ పదార్థము మా యింట అవతరించిన విధమును విన్నవించెదను. బెంగళూరులో ఉద్యోగము చేయు మా మేనల్లుడు, నా మనుమని పుట్టినరోజునకు అంగడి కేకు తగదని నిశ్చయించి, సరంజామా అంతయు మంచుగడ్డల పెట్టెలో మోసికొనివచ్చి, మా వంటింట ఎఱ్ఱని రెడ్ వెల్వెట్ కేకు నొకదానిని నిర్మించెను. దానికి పైపూత ఈ ఫ్రాస్టింగు. అనగా క్రీమ్ చీజును, వెన్నను, పొడిచేసిన పంచదారను, వెనిలా చుక్కలను కలిపి మెత్తని నురుగుగా గిలకొట్టినది. ఈ క్రీమ్ చీజు 1870లలో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, చెస్టరు అను ఊరిలో, విలియం లారెన్సు అను పాలవ్యాపారి చేతిలో వ్యాపారవస్తువై, 1880లో ఫిలడెల్ఫియా అను పేరు తగిలించుకొని బజారున ప్రవేశించినది. అది ఫిలడెల్ఫియాలో పుట్టినది కాదు. తిండిసరకుల విషయమున ఆ నగరమునకు గల సత్కీర్తిని అరువు తెచ్చుకొన్నది. ధర్మవరపు మగ్గము ముఖమెరుగని చీర ధర్మవరము పేరున అమ్ముడుపోవుట చూచి అలవాటుపడిన మా ప్రాంతీయులకు ఇందు ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు.

ఆశ్చర్యము పరిమాణములో నున్నది. కేకునకు నాలుగువైపులను, నెత్తిమీదను కావలసినంత పూయగా, ఇంచుమించు సగము పాత్రలోనే నిలిచిపోయెను. ఇదేమని నేనడుగగా, "కొలతే అట్లుంటుంది మామా. తక్కువ పడితే కష్టం గదా. మిగిలిందాన్ని దాచేదానికి పద్ధతులుండాయిలే," అని మా మేనల్లుడు ధైర్యము చెప్పెను. వంటింటి గడపకడ చెనిక్కాయలు ఒలుచుకొనుచున్న మా అమ్మ, తలయెత్తకయే, "అంత కలిపేదెందుకు, మళ్లా దాచేదెందుకప్పా?" అనెను. ఆ ప్రశ్నకు అప్పుడెవ్వరును సమాధానము చెప్పలేదు. దానికి మారుగా మాకు ఒక శాస్త్రము ఉపదేశింపబడెను.

ఆ శాస్త్రము సామాన్యమైనది కాదు. మిగిలిన పూతను గాలి చొరని డబ్బాలో నుంచి, దాని మొగమునకు అంటుకొనునట్లు పలుచని ప్లాస్టికు పొర కప్పి ఫ్రిజ్జులో పెట్టినచో నాలుగైదు దినములు, మహాయైన వారము నిలుచును. గడ్డకట్టించు అరలో పెట్టినచో రెండు మూడు నెలలు. వాడదలచినపుడు రాత్రియెల్ల ఫ్రిజ్జులోనే కరగనిచ్చి, గది ఉష్ణోగ్రతకు వచ్చిన పిమ్మట, విడిపోయిన నీరును కొవ్వును సఖ్యపడునట్లు మరల గిలకొట్టవలెను. ఇందు ఒక్క అక్షరమునైనను నేను ఆక్షేపింపను. ఆ గది యెవరిదని మాత్రమే అడిగెదను.

శాస్త్రకర్తల గదిలో వెన్న మెత్తబడును. వైశాఖమాసపు మధ్యాహ్నమున గోరంట్ల గదిలో వెన్న సన్న్యసించును. 32 మొదలు 35 డిగ్రీల నడుమ కరగిపోవు ద్రవ్యమును, అంతకంటె వేడియైన గోడలనడుమ గది ఉష్ణోగ్రతకు తెమ్మనుట, ఉప్పుబొమ్మను స్నానము చేసి రమ్మనుటవంటిది. ఇట్టి పాలపదార్థములను బయట రెండుగంటలకు మించి ఉంచరాదనియు, వేడి 32 డిగ్రీలు దాటినచో ఒక్కగంటయే గడువనియు అమెరికా ప్రభుత్వమువారి ఆహారరక్షణ నియమము. మా ఊరి పుట్టినరోజు కేకునకు ఒక్కగంట ఏపాటి? హిందూపురము బస్సులో మేనత్త దిగవలెను, ఫోటోలు తీయువాడు రావలెను, పోయిన కరెంటు రావలెను. ఈ మూడును సమకూడునప్పటికి పుట్టినవాడు నిద్రపోవును. వానిని లేపవలెను, లేచినవాడు ఏడ్పు మానవలెను. ఈ మంగళకార్యములన్నియు ముగియులోపల మా కేకుపైని ధవళశిఖరములు చిత్రావతి ఇసుకదిబ్బలవలె ఒకప్రక్కకు ఒరిగిపోయెను.

శాస్త్రమున రెండవది వినియోగకాండము. మిగిలిన పూతను రొట్టెముక్కలపై రాయవచ్చును. రెండు బిస్కెట్లనడుమ ఇమిడ్చవచ్చును. స్ట్రాబెర్రీ పండ్లను అందు ముంచి భక్షింపవచ్చును. ఏదియు తోచనిచో మరియొక చిన్న కేకు చేయవచ్చును. అనగా, గిన్నెడు మిగులును వదలించుకొనుటకు అంగడికి పోయి రొట్టెయు, బిస్కెట్లును, పెట్టెడు పండ్లును కొనవలెను. కొన్నపిమ్మట పూత చాలక బిస్కెట్లు మిగులును. మిగిలిన బిస్కెట్లకు వేరొక శాస్త్రము కలదు. అప్పు తీర్చుటకు అప్పు చేయువానిని లోకము తెలివితక్కువవాడనును. మిగులు తీర్చుటకు మిగులు చేయువానిని మాత్రము పొదుపరి యని మెచ్చుకొనును. మా గృహిణి సాహసించి ఒకనాడు దానిని దోసెపై రాచెను. ఆ దోసె నా వంతు వచ్చెను. మూత గట్టిదే గాని, ఉదయము సాయంకాలము దానిని తెరచి చూచి మూయుట మా యింట నిత్యకర్మ మగుటచేత, పరిమళములను పీల్చుకొను స్వభావము గల కొవ్వు, పొరుగుననున్న చింతతొక్కుతో అప్పటికే వియ్యమంది యుండెను. వెనిలాయు వెల్లుల్లియు ఒకే నాలుకపై కాపురము చేయజాలవని ఆనాడు తెలిసికొంటిని.

మిగిలినదానిని దాచుట మాకు రాని విద్య యని ఎవరును తలపరాదు. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము పోగా, మిగిలిన సామ్రాజ్యమును తిరుమలరాయలు తెచ్చి దాచినది మా పెనుకొండలోనే. కొండ ఎత్తైనది, కోట గట్టిది, మూత బిగువైనది. అయినను కొంతకాలమునకు దానిని పెనుకొండనుండి చంద్రగిరికిని, చంద్రగిరినుండి వేలూరునకును తరలింపవలసివచ్చెను. ప్రతి తరలింపునందును చీటీపైని పేరు మునుపటిదే, లోపలి సరకు మాత్రము తరుగుచు వచ్చెను. ఒక అరనుండి వేరొక అరకు జరుపుటయే రక్షణమని నమ్మినవారిలో చక్రవర్తులును కలరు.

వంటింటివారు అంతకంటె తెలివిగలవారు. ఓళిగలకై బేడలు ఉడికించి వంచిన నీటిని మా ప్రాంతమున పారబోయరు. అది ఆ పూటనే ఓళిగల చారై విస్తరిలోని అన్నమును చేరును. అది మిగులు కాదు, వంటలో సగము. వెన్న యెక్కువైనచో, అందలి నీరు పోవునట్లు కాచి నెయ్యి చేయుదురు. నీరు లేనిచోట కుళ్లునకు బ్రతుకుతెరువు లేదు. హిందూపురపు మండీలలో బెల్లపు అచ్చులు నెలలతరబడి నిలుచుటయు ఆ కారణముననే. క్రీమ్ చీజులో సగమునకు సగము నీరే. దానిపై పంచదారను కావలి పెట్టుట, తూము తెరచియుంచి గట్టుమీద తలారిని నిలుపుటవంటిది. ఇక రాత్రి మిగిలిన సంగటిముద్ద తెల్లవారి మజ్జిగలో కలసి సద్దియగును. దానికి తేదీ చీటీ అక్కరలేదు, పొద్దెక్కుటయే గడువు.

ఇట్లు పలికి మీసము దువ్వుకొనుట సులభము. కాని నిజము చెప్పవలసివచ్చినచో, మా వినియోగకాండమున ఆ శాస్త్రకర్తలెరుగని అధ్యాయమొకటి కలదు. దాని పేరు దానము. పదార్థము మొదటిదినమున మనది, రెండవదినమున పిల్లలది, మూడవదినమున ఎవరిదియు కాదు. నాలుగవదినమున దాని వాసనపై అనుమానము కలుగగానే మనకు బీదలయెడ అకస్మాత్తుగా కరుణ పుట్టును. ఐదవనాటి ఉదయమున డబ్బాయు, దానితోపాటు మా కరుణయు వెలుపలికి వచ్చి, గిన్నెలు తోము ఆమెయెదుట నిలిచెను. ఆమె మూత తీసి, వాసన చూచి, మూత పెట్టి, మిక్కిలి మర్యాదతో, "వద్దు సామీ. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు గదా, అందుకే మాకేమీ మిగలదు," అని చెప్పి, తన పనిలో తాను మునిగిపోయెను. మా అమ్మ ప్రశ్నకు జవాబు అదియే. మిగిలినది గనుక మేము దాచలేదు. దాచుటకు చోటున్నది గనుక అంత కలిపితిమి. ఈ సంగతి నాకు తట్టునప్పటికి డబ్బా మరల రెండవ అర చేరియుండెను.

నిన్నరాత్రి, ఇల్లెల్ల నిద్రించిన సమయమున, దానిని పారవేయ నిశ్చయించి నేనే ఫ్రిజ్జు తెరచితిని. డబ్బాను తీసినంతనే దాని వెనుకనుండి కాగితపు పొట్లమొకటి కనబడెను. అది ధర్మవరపు పెండ్లినుండి స్వయముగా నేనే తెచ్చి, రేపు తిందమని దాచుకొన్న లడ్డూల పొట్లము. దానిపై తేదీ లేదు. ఆ పెండ్లికూతురునకు ఇప్పుడు ఐదవ నెల.

తీర్పు చెప్పు అధికారము నాకు లేదని గ్రహించి, పొట్లమును మునుపటి చోటనే సర్ది, పై తలుపు తెరచి, డబ్బాను గడ్డకట్టించు అరలోనికి జరిపితిని. పెనుకొండ ఖాళీ యైనది, ఇక చంద్రగిరి.