ఎఱ్ఱబడిన నీరు

మా చిత్తూరు సీమలో వినాయకునికి నీటితోడి చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. కాణిపాకములో బావి త్రవ్వుచున్న అన్నదమ్ములు మువ్వురిలో ఒకడు గ్రుడ్డివాడు, ఒకడు మూగవాడు, ఒకడు చెవిటివాడట. పార రాతికి తగిలి నీరు నెత్తురువలె ఎఱ్ఱబాఱగా, ఆ నీరు సోకినంతనే ఒకనికి చూపును, ఒకనికి మాటయు, ఒకనికి వినికిడియు వచ్చెనని స్థలపురాణము. స్వామి నేటికిని ఆ బావిలోనే కొలువై, ఏటేట పెరుగుచున్నాడని భక్తుల నమ్మకము.

పెరుగుటలో మా వీథి వినాయకులును తీసిపోరు. మట్టి బొమ్మయైనచో నీట మునిగిన కొన్ని గంటలకే ఒండ్రులో ఒండ్రై పోవును. నీటితో కలిపినప్పుడే జిప్సమై గట్టిపడిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు మరల నీటిభయ మెక్కడిది? నెలల తరబడి చెరువడుగున పద్మాసనము వేసికొని కూర్చుండును. ఒంటినున్న చౌకరంగులలోని సీసము, పాదరసము, కాడ్మియము మాత్రము నీటిలోనికి దిగి, చేపలను చేరి, చేపలద్వారా మరల మన విస్తరిలోనికి వచ్చును. పంపిన దేవుడు ప్రసాదరూపమున తిరిగివచ్చుట ఇట్లు.

ఇట్టి విగ్రహములును, థర్మోకోల్ అలంకారములును కూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలోనే మార్గదర్శకములు వెలువరించినది. చందా పుస్తకముతో వచ్చిన కుఱ్ఱవానికి ఈ మాట చెప్పితిని. "మట్టిదైతే ఐదడుగులు దాటదు సామీ. పక్క వీథోళ్ళు పదైదడుగులది పెట్నారు. మన వీథి పరువేం గావాల?" అనెను. పరువును అడుగులలో కొలుతురని నాకు తెలియక, నూటపదార్లు సమర్పించుకొంటిని.

చిత్తూరు చెంతనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు, చెరువుకట్టను నిలుపుటకు ప్రాణమిచ్చిన ఇల్లాలి కథను 'ముసలమ్మ మరణము'గా కూర్చిరి. ఆ తల్లి ఇప్పటి చెరువులో దూకవలెనన్న, థర్మోకోల్ కిరీటములను, ప్లాస్టిక్ దండలను, నీళ్ళ సీసాలను ఇరుప్రక్కలకు నెట్టి ముందుగా నీటిని వెదకికొనవలెను.

నిమజ్జనము మఱునాడు మా చెరువుగట్టునకు పోయితిని. గట్టువెంబడి నీరు ఎఱ్ఱగా నుండెను. ఇదేమని అచ్చట నున్న మువ్వురిని అడిగితిని. ఊరేగింపును దగ్గరుండి నడిపించినవాడు తానేమియు చూడలేదనెను. తొమ్మిది దినములు మైకులో అరచినవాడు నోరు విప్పలేదు. మూడవవాడు, డీజే దెబ్బకు నిన్నటినుండి ఏమియు వినబడుటలేదని చెవి చూపించెను.